ఇంటి ముందు కాంక్రీటు, అరుగు పని: రేటు కంటే ముందు వాటం (నీళ్లు పోయే వాలు) అడగండి

గేటు నుంచి గుమ్మం దాకా కాంక్రీటు, పక్కన కూర్చోడానికి అరుగు కట్టించాలి, మేస్త్రీకి లేబర్ మాత్రమే ఇవ్వాలా, సామానుతో సహా ఇవ్వాలా అని అడిగారు. నేను రెండూ చేశాను, ఒకటి పగలగొట్టించాను కూడా.

మొదటిసారి సామానుతో సహా చదరపు అడుగు లెక్కన, ముగ్గురిలో తక్కువ చెప్పినాయనకే ఇచ్చాను. పొద్దున మొదలెట్టి సాయంత్రానికి నున్నగా చేసి వెళ్లిపోయాడు, చూస్తే అద్దంలా ఉంది. మొదటి వానకే నీళ్లన్నీ గుమ్మం ముందు చెరువు కట్టాయి, వాటం ఇంటివైపే ఉంది మరి. ఫోన్ చేస్తే ‘చీపురుతో తోసెయ్యండి సార్’ అన్నాడు.

రెండో మేస్త్రీ రేటు ఊసెత్తకముందే లెవెల్ పైపు (ఎత్తుపల్లాలు చూసే నీళ్ల గొట్టం) తీసి ఒక కొస నాకిచ్చి, గుమ్మం దగ్గరా గేటు దగ్గరా గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి, ‘నీళ్లు ఎటు పోవాలి సార్’ అన్నాడు. ఆ ఒక్క మాటకే పని ఇచ్చేశాను. పదడుగులకి రెండంగుళాలు వాటం పెట్టాడు. ఇప్పటిదాకా చుక్క నిలవలేదు.

మీరు దగ్గరుండి చూసుకోగలిగితే లేబర్‌కే ఇవ్వండి. కుదరదంటే సామానుతో ఇవ్వండి గానీ మందం (కారు నిలిపే చోట కనీసం 4 అంగుళాలు), పాళ్లు (సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3), మొరం పోసి దిమ్మిస కొట్టడం, పాత రాళ్లూ రప్పలూ ఎత్తించడం ఎవరి లెక్కలోకి వస్తాయో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మీద వదిలితే చివర్లో ‘అది మన మాటలో లేదు సార్’ అంటారు.

పాళ్లు సరిగ్గా వేసినా పని చెడేది నీళ్ల దగ్గరే. 50 కిలోల సిమెంటు బస్తాకి 25 లీటర్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. పరవడం తేలికని కూలీలు మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే మిషన్) బకెట్ల కొద్దీ కుమ్మరిస్తారు, పాపం వాళ్ల నడుములు వాళ్లవి, బీటలు మాత్రం మనకి. ఎనిమిది, పదడుగులకోసారి కటింగ్ (బీట అడ్డదిడ్డంగా పోకుండా కాంక్రీటులో గాడి) వేయించండి. మర్నాటి నుంచి మడులు (నీళ్లు నిలిచేలా చిన్న గట్లు) కట్టి పది రోజులు నీళ్లు పెట్టించండి, ఆ పది రోజులూ కారు వీధిలోనే.

డబ్బులు పని జరిగిన కొద్దీ ఇవ్వండి, పదో వంతు ఆపుకోండి. మడులు తీసేశాక గుమ్మం దగ్గర రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, అవి గేటు దాటి పోయాక ఆ పదో వంతు ఇచ్చేయండి.