తెర మంచిదే, మరి బొమ్మ ఎందుకు మసకగా ఉంది?

ప్రశ్న: మా అమ్మగారు మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో మా దగ్గర ఉంటున్నారు. కంటి శుక్లాల ఆపరేషన్ తర్వాత ఫోన్‌లో చిన్న బొమ్మ చూడడం ఆవిడకు కష్టంగా ఉండడంతో, పదకొండు అంగుళాల ట్యాబ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద ‘ఫుల్ హెచ్‌డీ’ అని స్పష్టంగా రాసి ఉంది. యూట్యూబ్‌లో ప్రవచనాలు చక్కగా కనిపిస్తున్నాయి. డబ్బు కట్టి చూసే ఓటీటీ యాప్‌లో మాత్రం మనుషుల ముఖాలు మైనం పూసినట్లు మసకగా వస్తున్నాయి. విచిత్రమేమిటంటే, కింద వచ్చే సబ్‌టైటిల్ అక్షరాలు మాత్రం చెక్కినట్లు స్ఫుటంగా ఉన్నాయి. అదే సినిమా, అదే వైఫై మీద, నా ఫోన్‌లో బాగానే వస్తోంది. స్క్రీన్‌లో లోపం లేదని సర్వీస్ సెంటర్ వారు తిప్పి పంపారు. వారి మాట నమ్మవచ్చా?
— పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: నమ్మవచ్చునమ్మా. మీరు విచిత్రమన్న ఆ సబ్‌టైటిల్ అక్షరాలే అందుకు సాక్ష్యం. ఓటీటీ యాప్‌లలో సాధారణంగా సబ్‌టైటిళ్లు వీడియోలో కలిసిపోయి రావు. అవి విడిగా అక్షరాలుగానే వస్తాయి, వాటిని తెర మీద గీసే పని మీ ట్యాబ్ స్వయంగా చేస్తుంది. తెరలోనే లోపం ఉంటే అక్షరాలు కూడా మసకబారాలి. అవి స్ఫుటంగా ఉండి, వాటి వెనుక బొమ్మ మాత్రం పలచబడిందంటే, తక్కువ వివరాలున్న బొమ్మే మీ ట్యాబ్‌కు చేరుతోందని అర్థం.

ఇంటర్నెట్ వేగం సరిపోతున్నా అలా ఎందుకు చేరుతుందంటే, కొత్త సినిమాలను, సిరీస్‌లను ఎవరూ కాపీ చేసుకోకుండా ఓటీటీ సంస్థలు వాటికి తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్ పరికరాలలో ఆ తాళం పేరు వైడ్‌వైన్, దాన్ని తయారు చేసిన సంస్థను గూగుల్ 2010లో కొనుగోలు చేసింది. తాళం తీసే పని ప్రాసెసర్‌లోని ప్రత్యేక రక్షిత భాగంలో, బయటి ప్రోగ్రాములేవీ తొంగిచూడలేని చోట జరిగితే ఆ పరికరానికి ఎల్1 స్థాయి ఉన్నట్లు; అదే పని మామూలు సాఫ్ట్‌వేర్‌తో జరిగితే ఎల్3 స్థాయి. ఎల్3 పరికరంలో బొమ్మను దొంగిలించడం తేలిక గనుక, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు అలాంటి వాటికి హెచ్‌డీ పంపవు, 480పీతోనే సరిపెడతాయి. తెర ఎంత గొప్పదైనా, ఇంటికి ఎంత వేగవంతమైన ఫైబర్ కనెక్షన్ వచ్చినా ఈ నిర్ణయం మారదు. యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే ప్రవచనాలకు ఈ తాళం ఉండదు కాబట్టే అవి మీకు పూర్తి స్పష్టతతో వస్తున్నాయి.

480పీ బొమ్మలో 854 అడ్డం, 480 నిలువు, అంటే సుమారు 4.1 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. మీ ట్యాబ్ తెర 1920×1200 అయితే, సినిమా బొమ్మ పరుచుకునే 1920×1080 భాగంలో 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. వచ్చిన ఒక్కొక్క చుక్కను అయిదు చుక్కలంత సాగదీసి పరిచినప్పుడు చర్మం మీది గీతలు, చీర అంచుల నేత, దూరపు చెట్ల ఆకులు అన్నీ కరిగిపోయి ముఖాలకు మైనం పూసినట్లు అవుతుంది. మీ ఫోన్‌కు ఎల్1 ఉండి ఉంటుంది. ఒకవేళ దానికీ 480పీయే వస్తున్నా, ఫోన్‌లో బొమ్మ వైశాల్యం ట్యాబ్‌లో దానికంటే మూడు రెట్లకు పైగా చిన్నది గనుక లోపం కంటికి ఆనదు.

దీన్ని రూఢి చేసుకోవడానికి సర్వీస్ సెంటర్ అవసరం లేదు. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లో ‘ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్’ అనే చోట వైడ్‌వైన్ స్థాయి, ఆ పరికరానికి అందే గరిష్ఠ స్పష్టత రెండూ కనిపిస్తాయి. మీరు వాడేది వేరే సంస్థదైతే ప్లేస్టోర్‌లో ‘డీఆర్ఎమ్ ఇన్ఫో’ అనే ఉచిత యాప్ కూడా వైడ్‌వైన్ స్థాయిని చెబుతుంది. ఎల్1 అని ఉంటే దిగులు లేదు, కారణం మరోచోట వెతకాలి. మొదట మీరు కట్టిన ప్లాన్ చూడండి. ఉదాహరణకు నెట్‌ఫ్లిక్స్ 2019 జూలైలో మన దేశంలో ప్రవేశపెట్టిన మొబైల్ ప్లాన్ ఫోన్లకూ ట్యాబ్‌లకూ పనిచేస్తుంది గాని, అందులో వచ్చేది 480పీ మాత్రమే. ఆ తర్వాత యాప్‌లో ‘డేటా సేవర్’ ఆన్‌లో ఉందేమో చూడండి.

ఎల్3 అని ఉంటే మాత్రం సెట్టింగ్స్ ఎంత మార్చినా ప్రయోజనం లేదని ముందే చెప్పడం నా ధర్మం. తయారీదారు తర్వాతి అప్‌డేట్‌లో ఎల్1 ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు, కానీ ఆ ఆశతో ట్యాబ్ ఉంచుకోవడం మంచిది కాదు. తిరిగి ఇచ్చే గడువు ఇంకా ఉంటే, కారణం స్పష్టంగా రాసి వెంటనే వాపసు చేయండి. గడువు దాటితే ఆ ట్యాబ్‌ను యూట్యూబ్ ప్రవచనాలకు, మీ సొంత ఫోటోలకు, వీడియో కాల్స్‌కు ఉంచుకుని, సినిమాలను ఇంట్లోని టీవీలో చూపించండి. తెర మార్పించడానికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. పెట్టె మీద ‘ఫుల్ హెచ్‌డీ’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసే తయారీదారులు, డబ్బు కట్టి చూసే సినిమాలు ఆ స్పష్టతలో రావన్న సంగతిని అదే పెట్టె మీద చిన్న అక్షరాలతోనైనా చెప్పకపోవడం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది. పెద్దవారి కోసం కొనేవారే ఈ విషయంలో ఎక్కువగా నష్టపోతున్నారు.

మీ అమ్మగారు పాత సినిమాలు కూడా చూసేవారైతే ఇంకొక మాట. యూట్యూబ్‌లో ఉన్న పాత తెలుగు సినిమాలలో కొన్నింటికి మూలం వీసీడీ, అంటే ఒకప్పటి వీడియో సీడీ. మన దేశంలో వాడిన వీసీడీ బొమ్మ కొలత 352×288, అంటే లక్ష పిక్సెళ్లకు కాస్త ఎక్కువ. దాన్నే సాగదీసి 1080పీగా ఎక్కించినంత మాత్రాన పోయిన వివరాలు తిరిగి రావు. నేను కూడా ఒకసారి మా నాన్నగారి ట్యాబ్‌లో పాత పౌరాణికం మసకగా ఉందని దుకాణం చుట్టూ మూడుసార్లు తిరిగాను. చివరకు దుకాణం అబ్బాయి ఆ ట్యాబ్‌తోనే మా నాన్నగారి ఫోటో తీసి, అదే తెర మీద పెద్దది చేసి చూపించాడు. కనుబొమల్లోని తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. తెర మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఆనాటి నుంచి నేను మొదట చేసే పరీక్ష అదే: మంచి వెలుతురులో తీసిన ఒక ఫోటో తెరిచి చూడడం.

ప్రశ్న: రాత్రి పూట లైట్లు ఆర్పి ట్యాబ్‌లో సిరీస్ చూస్తుంటాను. చీకటి సన్నివేశాలలో నలుపు నలుపుగా ఉండదు, బూడిద రంగులో, మూలల్లో పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఆకాశం, పొగ వంటి చోట్ల రంగు మెట్లుమెట్లుగా విడిపోతోంది. ‘హెచ్‌డీఆర్’ గుర్తు ఉన్న వాటిలో బొమ్మ మొత్తం మరీ చీకటిగా ఉంటోంది. ఇవన్నీ ఒకే లోపమా?
— పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మూడూ వేర్వేరు విషయాలు. మీ ట్యాబ్‌ది ఎల్‌సీడీ తెర అయి ఉంటుంది. అందులో వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని ముందున్న ద్రవ స్ఫటికాల పొర తలుపులా మూసుకుని వెలుతురును ఆపినప్పుడు మనకు నలుపు కనిపిస్తుంది. ఆ తలుపు పూర్తిగా మూసుకోదు. ట్యాబ్‌లలో వాడే ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెరలలో అతి తెల్లని చోటికీ అతి నల్లని చోటికీ మధ్య వెలుగు నిష్పత్తి మామూలుగా వెయ్యికి ఒకటి దరిదాపుల్లో ఉంటుంది. పగలు ఈ లీకు కనబడదు, చీకటి గదిలో బూడిదగా బయటపడుతుంది. ఓఎల్ఈడీ తెరలో ప్రతి పిక్సెల్ తన వెలుగు తానే ఇచ్చి, నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది కనుక ఈ బాధ లేదు. ట్యాబ్ వెనుక గోడ మీద పడేలా ఒక చిన్న పసుపు బల్బు వెలిగించి చూడండి, ఖర్చు లేకుండా నలుపు చాలావరకు నలుపవుతుంది. మూలల పసుపు తల పక్కకు జరిపితే తగ్గుతున్నట్లయితే అది ఐపీఎస్ తెరల సహజ గుణం. ఎటు నుంచి చూసినా ఒకే చోట తెల్లగా కారుతుంటే చట్రం బిగింపులో తేడా ఉన్నట్లు, వారంటీలో అడగవలసిన విషయం.

మెట్లుమెట్లుగా కనిపించడానికి కారణం ఎక్కువగా వీడియోలోనే ఉంటుంది. మామూలు వీడియోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూల రంగులలో ఒక్కొక్కదానికి 256 అంచెలే ఉంటాయి. చీకటి ఆకాశం ఆ అంచెలలో అట్టడుగున ఉన్న కొన్నింటితోనే సరిపెట్టుకోవాలి. పైగా డేటా ఆదా కోసం వీడియోను కుదించేటప్పుడు కంటికి అంతగా ఆనదని చీకటి భాగాల నుంచే ఎక్కువ కోత కోస్తారు. చవక తెరలు కొన్నింటిలో నిజంగా ఉండేవి 64 అంచెలే. మిగిలినవి పిక్సెల్‌ను వేగంగా రెండు అంచెల మధ్య ఊపి కంటిని నమ్మిస్తాయి, అలాంటి తెరలలో మెట్లు ఇంకా పెద్దవిగా కనబడతాయి. వీడియో నాణ్యతను ‘ఆటో’లో కాకుండా గరిష్ఠంగా పెట్టి చూడండి. అయినా తగ్గకపోతే చేయగలిగింది తక్కువ.

హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడల తేడాను మామూలు కంటే ఎక్కువగా చూపే వీడియో, దాని సంగతి వేరు. చాలా హెచ్‌డీఆర్ వీడియోలను వెయ్యి నిట్‌ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) వెలుగు ఇవ్వగల తెరను దృష్టిలో ఉంచుకుని తయారు చేస్తారు. నాలుగు వందల నిట్‌లు మాత్రమే ఇవ్వగల ట్యాబ్ ఆ మెరుపులకు కూడా చోటు మిగల్చాలి కాబట్టి మిగిలిన బొమ్మనంతా కిందికి దించేస్తుంది. మీరు రాత్రి బ్రైట్‌నెస్ తగ్గించి చూస్తారు కనుక ఆ దించినది మరింత దిగుతుంది. యాప్‌లో హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపేయండి. లేకపోతే ఆ వీడియో చూసేంతసేపూ ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ తీసివేసి వెలుగు పూర్తిగా పెంచండి.

ప్రశ్న: సినిమాలో కెమెరా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ సాఫీగా కదలక, చిన్నచిన్న కుదుపులతో జరుగుతుంది. సీరియళ్లలోనూ అంతే. వైఫై మార్చినా ఫలితం లేదు. నా కళ్లదే దోషమా అనిపిస్తోంది.
— విశ్రాంత ఉద్యోగి, మల్లేశ్వరం

జవాబు: మీ కళ్లు చక్కగా ఉన్నాయండి, అవి సూక్ష్మంగా చూస్తున్నాయి కూడా. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. మామూలు ట్యాబ్ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 24 నిశ్శేషంగా భాగించదు గనుక ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపించి లెక్క సరిచేస్తుంది. కెమెరా నిదానంగా పక్కకు తిరిగేటప్పుడు ఈ ఎగుడుదిగుడే కుదుపుగా తెలుస్తుంది. మన టీవీ సీరియళ్లు 25 ఫ్రేములవి కాబట్టి అక్కడా పొంతన కుదరదు. 120 హెర్ట్‌జ్ తెర, అంటే సెకనుకు 120 సార్లు మారే తెర ఉన్న ట్యాబ్‌లలో ప్రతి సినిమా ఫ్రేము సరిగ్గా అయిదుసార్లు వస్తుంది. మీ ట్యాబ్ సెట్టింగ్స్‌లో ‘రిఫ్రెష్ రేట్’ అనేది ఉంటే పెంచి చూడండి, లేకపోతే తెర అంతే.

ప్రశ్న: ట్యాబ్ చేతిలోంచి జారి అద్దం పగిలింది. వారంటీ అయిపోవడంతో ఎస్.పి.రోడ్డులో ఒక దుకాణంలో తెర మార్పించాను. ఇప్పుడు వీడియోలలో అందరి ముఖాలూ నీలంగా ఉన్నాయి, పగలు నా ముఖమే తెరలో కనబడుతోంది. మోసపోయానా?
— పాఠకుడు, యశవంతపుర

జవాబు: ఆ దుకాణదారు మీకు ‘ఒరిజినల్’ అని చెప్పి బిల్లులో అలాగే రాశారా, లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎస్.పి.రోడ్డులో అద్దం, టచ్, తెర కలిసి వచ్చే కాంబోలు ఒకే మోడల్‌కు రెండు మూడు రకాలు, రెండు మూడు ధరలలో దొరుకుతాయి. ఏది వేస్తున్నారో అడిగి రాయించుకోవడం కొన్నవారి హక్కు. నీలం ఎందుకంటే, ఫ్యాక్టరీలో ట్యాబ్ రంగులను దాని అసలు తెర గుణాన్ని బట్టి సరిచేసి పంపుతారు. వేరే తయారీ తెర బిగించినప్పుడు ఆ దిద్దుబాటు దానికి సరిపోదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘కలర్ టెంపరేచర్’ లేదా ‘స్క్రీన్ మోడ్’ ఉంటే పసుపు వైపు కొద్దికొద్దిగా జరపండి. తెల్ల కాగితాన్ని పగటి వెలుతురులో తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకే తెలుపుగా కనిపించే చోట ఆగండి.

ముఖం కనబడడానికి కారణం అద్దానికీ తెరకూ మధ్య గాలి చేరి ఉండడం. మీ అసలు తెరలో ఆ రెండూ జిగురుతో ఒకటిగా అంటించి ఉండవచ్చు. గాలి ఉన్న చోట అద్దం వెనుక వైపు నుంచి, తెర పైభాగం నుంచి కూడా వెలుతురు వెనక్కి కొడుతుంది కనుక నలుపు వెలిసిపోయినట్లు ఉంటుంది. దీన్ని సెట్టింగ్స్‌తో సరిచేయలేము. కొందరు మెరుపు తగ్గుతుందని మ్యాట్ స్క్రీన్ గార్డ్ వేయిస్తారు. ప్రతిబింబం తగ్గినా తెల్లని చోట్ల ఇసుక చల్లినట్లు గరుకు కనిపిస్తుంది, వీడియోకు నేనైతే సిఫారసు చేయను.

బిల్లులో ‘ఒరిజినల్’ అని ఉంటే అదే దుకాణానికి వెళ్లి మర్యాదగా మార్చమని అడగండి, చాలామంది మారుస్తారు. మార్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. బిల్లు లేకుండా నగదు ఇచ్చి చేయించుకున్నట్లయితే, దుకాణంతో జరిపిన వాట్సాప్ సంభాషణను, యూపీఐ చెల్లింపు ఉంటే దాని వివరాలను చెరపకుండా భద్రపరచండి. పాత పగిలిన తెరను దుకాణం వారు ఇంకా పారవేయకపోతే అడిగి తెచ్చుకోండి, దాని వెనుక అంటించిన చీటీ మీది నంబరుతో కొత్తదాన్ని పోల్చి చూడవచ్చు.