ఇంటర్నెట్ ట్రాఫిక్ పెరిగిన ప్రతిసారీ కొత్త ఫైబర్ వేయాలా?

అక్కర్లేదు, చాలావరకు మారేది భూమిలోని ఫైబర్ కాదు, దాని రెండు చివర్లా ఉండే పరికరాలు. తవ్వి కేబుల్ వేయడం బాగా ఖరీదైన పని కాబట్టి, ముందే వేసిన గాజుపోగులోంచే ఎక్కువ డేటా పంపాలని చూస్తారు. 1990లలో వాడకంలోకి వచ్చిన డీడబ్ల్యూడీఎం (డెన్స్ వేవ్‌లెంగ్త్ డివిజన్ మల్టిప్లెక్సింగ్) పద్ధతిలో ఒకే పోగులో పదుల కొద్దీ తరంగదైర్ఘ్యాల కాంతి ఒకేసారి వెళ్తుంది. దారిలో ఒక్కో యాంప్లిఫయర్ వాటన్నిటికీ కలిపి బలమిస్తుంది. అసలు కిటుకు ఇదే. తర్వాత వచ్చిన కోహెరెంట్ పరికరాలు కాంతి ఫేజ్‌లో (తరంగం ఏ దశలో ఉందన్నది), పోలరైజేషన్‌లో (తరంగం కంపించే దిశ) కూడా డేటా ఎక్కిస్తున్నాయి.

ఉదాహరణకు 80 చానెళ్ల (అంటే 80 తరంగదైర్ఘ్యాల) లింకులో చివర్లనుండే 10 గిగాబిట్ల కార్డులు (కాంతిని పంపి, అందుకునే పరికరాలు) తీసి 100 గిగాబిట్లవి పెడితే, సెకనుకు 800 గిగాబిట్లు మోసిన అదే పోగు 8 టెరాబిట్లు మోస్తుంది. దీనికీ షానన్ లిమిట్ అనే హద్దుంది, అంటే ఒక లింకులో తప్పుల్లేకుండా పంపగల డేటాకు గరిష్ఠ పరిమితి. దాని దగ్గరకొస్తే మాత్రం కొత్త పోగులు వేయక తప్పదు. కొత్త సముద్ర కేబుళ్లలో ఫైబర్ జతలు పెంచుతున్నది అందుకే.

కెపాసిటీ పెరిగితే కాంతి కూడా వేగంగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. గాజులో దాని వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే. కార్డులు మార్చినంత మాత్రాన దూరపు సర్వర్‌కు పింగ్ (సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే సమయం) తగ్గదు.