ఉద్యోగం చూపించే కాంట్రాక్టుల్లో డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

నిరుద్యోగులకు పని చూపించే బాధ్యతను ప్రభుత్వం బయటి సంస్థలకు అప్పగిస్తే, వాటికి డబ్బు ఏ లెక్కన ఇస్తుందన్నది ప్రశ్న. ఆస్ట్రేలియానే చూడండి. 1998లో ప్రభుత్వ ఉపాధి కార్యాలయాల స్థానంలో జాబ్ నెట్‌వర్క్ వచ్చింది. టెండర్లు పిలిచి కంపెనీలకూ, స్వచ్ఛంద సంస్థలకూ పని ఇచ్చారు. తర్వాత 2015 నుంచి 2022 దాకా నడిచిన జాబ్‌యాక్టివ్ అనే పథకంలో, మనిషి ఉద్యోగంలో చేరగానే సంస్థకు సొమ్మంతా వచ్చేది కాదు. ఆ మనిషి 4, 12, 26 వారాలు నిలదొక్కుకుంటే విడతలవారీగా వచ్చేది.

చిక్కంతా ఇక్కడే. ఎలాగూ పని దొరికేవాళ్ల మీదే సంస్థలు దృష్టి పెడతాయి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నవాళ్లని పట్టించుకోవు. అందుకే కష్టమైన కేసులకు ఎక్కువ రేటు పెట్టారు. అయినా ఒక్కో సలహాదారు నెత్తిన వందమందికి పైగా పడితే రెజ్యూమె దిద్దడానికే టైమ్ చాలదు. నా దృష్టిలో రేటు కన్నా పెద్ద లోపం అదే.