మొటిమల మందు పిల్లలు మధ్యలోనే ఎందుకు మానేస్తారు?

డాక్టర్ రాసిన క్రీమ్‌ని టీనేజ్ పిల్లలు చెప్పినన్నాళ్లూ వాడతారా అంటే, చాలామంది వాడరు. బద్ధకం ఒక్కటే కారణం కాదు. అడాపలీన్ లాంటి మందు గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మంట, పొట్టు రాలడం మాత్రం మొదటి వారాల్లోనే వచ్చేస్తాయి. కొందరికి ముందు మొటిమలు కాస్త పెరుగుతాయి కూడా. వచ్చే ఆదివారం ఇంట్లో పెళ్లి ఉందంటే ట్యూబు మూలన పడటానికి ఇది చాలదూ! పైగా మొటిమలకే రాసే ఇంకో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ అంటితే రంగు దిండు గలీబు వెలిసిపోతుంది, అమ్మ చేత తిట్లు అదనం.

వాడేవాళ్లలోనూ చాలామంది మొటిమ మీదే చుక్క పెడతారు. అడాపలీన్ అలా కాదు, రాత్రిపూట ముఖం కడిగి, తడి ఆరాక, శనగగింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి. మంట పుడితే మానేయకుండా డాక్టర్‌ని అడిగి రోజు విడిచి రోజు రాయొచ్చు, మాయిశ్చరైజర్ తోడు పెట్టుకోవచ్చు. రెండు మూడు ట్యూబులతో విసుగొస్తే, రెండు మందులు కలిపి ఒకే ట్యూబులో వచ్చే, రోజుకొక్కసారి రాసే కాంబినేషన్ జెల్ కుదురుతుందేమో డాక్టర్‌ని కనుక్కోండి.

నాకు ఎక్కువ భయం వేసేది డాక్టర్ రాసిన మందు మానేసి మెడికల్ షాపులో స్టెరాయిడ్ క్రీమ్ కొనుక్కునేవాళ్లని చూస్తే. నాలుగు రోజులు ముఖం తేటగా కనిపిస్తుంది, తర్వాత చర్మం పలచబడి మొటిమలు ఇంకా ముదురుతాయి.