పుట్టబోయే బిడ్డను వేరే రాష్ట్రం దంపతులకు దత్తత ఇవ్వొచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఉండే మా చెల్లెలికి 22 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఎనిమిదో నెల. బిడ్డను పెంచలేనంటోంది. చెన్నైలో పిల్లల్లేని దంపతులున్నారు, నూరు రూపాయల స్టాంపు పేపరు మీద రాసిస్తే సరిపోతుందని ఒక నర్సు అంటోంది. నిజమేనా?

జవాబు: నిజం కాదు. నోటరీ చేయించినా ఆ కాగితం దత్తత కాదు. ఇలాంటి చోట తరవాత వచ్చే మాట, "కాన్పుకి మీ చెల్లెల్ని ఆ చెన్నై ఆవిడ పేరుతోనే చేర్పించేద్దాం" అని. దానికి అసలు ఒప్పుకోవద్దు, అది దొంగ జనన ధ్రువపత్రం. డబ్బు చేతులు మారితే జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 81వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష జరిమానా. పుచ్చుకున్నవాళ్లకే కాదు, ఇచ్చినవాళ్లకీ.

సరైన దారి బాలల సంక్షేమ సమితి (పిల్లల రక్షణ కోసం జిల్లాలో ఉండే అధికారిక సమితి) ముందు బిడ్డను అప్పగించడం. ఇది కాన్పు అయ్యాకే కుదురుతుంది, కానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గానీ ఇప్పుడే చెప్పి ఉంచండి. పెళ్లికాని తల్లి అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు, సాక్షులు ఇద్దరు కావాలి. (పెళ్లైన వాళ్లయితే భార్యాభర్తలిద్దరూ రావాలి. ఒకరి ఆచూకీ లేకపోతే వదిలేసిన బిడ్డగా లెక్కగట్టి, పత్రికలో ఫొటోతో ప్రకటన ఇస్తారు.) సంతకానికి ముందు సమితి ఆమెకు కౌన్సెలింగ్ చేస్తుంది. దాన్ని వేధింపు అనుకోవద్దు, ఆమె మీద ఒత్తిడి ఉందా లేదా అని చూడటానికే అది. డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, ఆమె ఆధార్ పట్టుకెళ్లండి. అప్పగింత పత్రం నకలు అడిగి తీసుకోండి. ఖర్చేమీ ఉండదు.

సంతకం చేసిన రోజు నుంచి 60 రోజుల లోపు మనసు మారితే బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. పాలు పడ్డాక చాలామంది తల్లులు ఊగిసలాడతారు, అందుకే ఈ గడువు ఎంతో విలువైనది. గడువు దాటాకే సమితి బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది. ఆ తరవాత బిడ్డ ఏ ఇంటికి వెళ్లాలో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) జాబితా ప్రకారం తేలుతుంది. తమిళనాడు కావొచ్చు, పంజాబ్ కావొచ్చు, ఎంచుకోవడం మీ చేతిలో ఉండదు. బిడ్డను ఉంచిన దత్తత సంస్థ ఏ జిల్లాలో ఉంటే ఆ కలెక్టరే దత్తత ఉత్తర్వు ఇస్తారు. తరవాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి పెంపుడింట్లో బిడ్డ ఎలా ఉందో వెళ్లి చూస్తారు. తల్లి వివరాలు గోప్యంగా ఉంటాయి.

ఆ చెన్నై దంపతులకే ఇవ్వాలనుకుంటే, ఇరువైపులా హిందువులైతే 1956 హిందూ దత్తత చట్టం ఉంది. బిడ్డను నిజంగా చేతుల్లో పెట్టి ఇచ్చిపుచ్చుకోవాలి. రెండు పక్షాలూ సంతకం చేసిన పత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైతే కోర్టు దాన్ని నమ్ముతుంది. డబ్బు ఇందులోనూ నేరమే. పైగా 60 రోజుల గడువు ఇక్కడ లేదు, ఒకసారి ఇచ్చాక రద్దు కాదు. మధ్యలో నర్సు ఉన్న వ్యవహారంలో నేనైతే ఈ దారి సూచించను.