డాక్యుమెంటరీ సంస్థకు విరాళం ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి

మీ ప్రశ్న: "బెంగళూరులో ఉంటాను. సామాజిక మార్పు కోసం డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థకు ఏటా కొంత ఇద్దామనుకుంటున్నాను. ఇలాంటి సినిమాల వల్ల నిజంగా ఏమైనా మారుతుందా?"

మారుతుంది. అయితే సినిమా తీయడానికి పెట్టిన డబ్బు కంటే, తీసిన సినిమాను మళ్లీ ఆ మనుషుల దగ్గరికి మోసుకెళ్లడానికి పెట్టిన డబ్బే ఎక్కువ మారుస్తుంది. ఎవరేమన్నా ఈ మాట మీద నేను తగ్గను. ఎందుకో చెప్తాను.

మాది హిందూపురం. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాను. ఓ పదేళ్ల కిందట ఆదివారాలు ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. ఒక ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు, ఒక తెల్లగుడ్డ, అదే మా ఆస్తి. ఒకసారి పౌరకార్మికుల మీద, అంటే రోడ్లూడ్చేవాళ్ల మీద, తీసిన 50 నిమిషాల సినిమా మా చేతికొచ్చింది. తీసినవాళ్లు రెండేళ్లు ఆ కాలనీలోనే తిరిగారు. అప్పటికే అది నాలుగు ఫిలిం ఫెస్టివల్స్‌కు వెళ్లొచ్చింది. అందులో కనిపించినవాళ్లు మాత్రం ఇంకా చూడలేదు.

బెంగళూరు రోడ్లూడ్చే వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే దళితులే. తాతల కాలంలో మన వైపు నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, పని దగ్గర మేస్త్రీతో కన్నడ. సినిమాలో వాళ్ల మాటలు తెలుగులోనే ఉన్నాయి. కానీ వ్యాఖ్యానం అంతా ఇంగ్లీషు, కింద అక్షరాలు కూడా ఇంగ్లీషే.

ఆంజనేయస్వామి గుడి గోడకు గుడ్డ కట్టి మొదలుపెట్టాం. పది నిమిషాలు గడిచాయో లేదో, ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి నిలబడింది. తెర మీద కనిపిస్తున్నది కూడా ఆమే.

"పాపా, నేను మాట్లాడతా ఉంటే కింద ఏందో రాస్తా ఉండారు కదా, అదేంది?"

"నువ్వు చెప్పిందే పెద్దమ్మా, ఇంగ్లీషులో."

"అయితే చదువు, విందాం."

సినిమాలో ఆమె చెప్పింది ఇది: చేతులకు తొడుగులియ్యరు, చీపురు కూడా మేమే కట్టుకోవల్ల, గాజుపెంకు కోసుకుంటే గుడ్డ చుట్టుకొని ఊడ్చల్ల, ఇంటికి పోతే ఆ రోజు కూలి పాయె. కింద ఉన్న ఇంగ్లీషును తెలుగు చేసి చదివాను. "మా పని చాలా కష్టంగా ఉంటుంది." అంతే ఉంది.

"అంతేనా? చీపురు సంగతి లేదా? కూలి పోయేది లేదా?"

లేదన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆ సినిమా చూసి ఏయే ఊళ్లలో ఎంతమంది చప్పట్లు కొట్టారో, వాళ్లెవరికీ ఆ చీపురు సంగతి తెలియదు.

అక్కడ సినిమా ఆపేశాం. మైకు తీసుకుని, వ్యాఖ్యానం వచ్చిన చోటల్లా ఆపి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. 50 నిమిషాల సినిమా రెండున్నర గంటలు నడిచింది. ఒకచోట వ్యాఖ్యానంలో నెలజీతం ఎంతో చెప్తారు. అది చెప్పగానే వెనకాల నుంచి ఒక కుర్రాడు, "ఆ లెక్క మా చేతికి రాదు మేడం" అన్నాడు. ఇంకొకామె, "పీఎఫ్ అని పట్టుకుంటారు" అంది. పీఎఫ్ నంబరు ఎంతమందికి తెలుసని యూనియన్ నుంచి వచ్చినాయన అడిగితే లేచినవి రెండు చేతులు. అప్పట్లో జీతాలన్నీ కాంట్రాక్టరు చేతుల మీదుగానే. ఒకామె ఇంటికి పరిగెత్తి ప్లాస్టిక్ కవర్లో దాచిన జీతం చీటీలు పట్టుకొచ్చింది. ఆమెను చూసి మరికొందరు. రాత్రి పదకొండు దాటేసరికి యూనియన్ నోటుబుక్కులో 43 పేర్లు ఎక్కాయి. ఆ తర్వాత పీఎఫ్ నంబర్ల కోసం నెలల తరబడి వాళ్లు తిరిగారు. కొందరికి నంబర్లు వచ్చాయి, కొందరికి రాలేదు. ఆ పెద్దమ్మకు ఈఎస్‌ఐ కార్డు వచ్చింది.

ఆ రాత్రి ఆటోకు, జనరేటర్ అద్దెకు, టీలకు కలిపి 3,000 దాటలేదు. అది కూడా మేం తలా కొంత వేసుకున్నదే. ఆ సినిమా బడ్జెట్‌లో ఫెస్టివల్స్‌కు విమానం చార్జీలున్నాయి, కాలనీకి ఆటో చార్జీ లేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చే సంగతి ఇంకొకటుంది. నిధులిచ్చినవాళ్లకు పంపిన నివేదికలో "ప్రేక్షకులు: 120" అని రాశారు. ఆ 43 పేర్లు రాయడానికి అందులో గడే లేదు. ఇక సినిమాలో కనిపించినవాళ్ల చేత పెట్టించుకునే సంతకాల కాగితం సంగతి. ఇంగ్లీషులో ఉన్న అనుమతి పత్రం మీద తెలుగువాళ్ల చేత వేలిముద్ర వేయించుకుంటే దాన్ని అనుమతి అని ఎలా అంటాం?

సినిమాను ఆ మనుషుల దగ్గరికే తీసుకెళ్లడం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1980లో ఇదే బెంగళూరులో డాక్యుమెంటరీలు తీసే దీపా ధన్‌రాజ్, ఇంకొందరు కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టారు. పనిచేసే ఆడవాళ్లతో కలిసి సినిమాలు తీసి, వాటిని ఆడవాళ్ల మధ్యకే తీసుకెళ్లి చర్చలు పెట్టేవాళ్లు. వాళ్లు హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి 1983లో తెలుగులోనే "ఇది కథ మాత్రమేనా" తీశారు. ఇంట్లో ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి, ఆ ఆడవాళ్ల అనుభవాల్లోంచే అల్లిన కథ. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లయితే కెమెరానే దళిత మహిళా రైతుల చేతికిచ్చారు. బడి మొహం చూడనివాళ్లు తమ చిరుధాన్యాల మీద, విత్తనాల మీద తామే సినిమాలు తీశారు. అక్కడ "కింద ఏం రాశారు" అని అడగాల్సిన అవసరమే రాదు.

తీయడానికి డబ్బు పుష్కలంగా ఉందని నేననను. మన ఊళ్లో 1993లో పెట్టిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటివి కళాకారులకు గ్రాంట్లు ఇస్తాయి. కానీ అలాంటి తలుపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక, బయటి నుంచి వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకొకరికి బదిలీ చేయకూడదు. పెద్ద సంస్థ తీసుకుని చిన్నవాళ్లకు పంచే దారి అలా మూసుకుపోయింది. అందుకే ఇక్కడ సంపాదించి ఇక్కడే ఇచ్చే మీలాంటివాళ్ల రూపాయి విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది.

కాబట్టి ఇవ్వండి. ఇచ్చే ముందు మాత్రం ఫోన్ చేసి అడగండి: "మీరు సాయం చేసిన సినిమాను అందులో ఉన్నవాళ్లు చూశారా? ఏ భాషలో చూశారు? దానికి ఎంత ఖర్చుపెట్టారు?" తడుముకోకుండా చెప్తే నిశ్చింతగా ఇవ్వండి. ఫెస్టివల్స్ పేర్లు చదవడం మొదలుపెడితే ఇంకో సంస్థను వెతుక్కోండి.

మీకు తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చు కదా, వీలైతే ఒక సినిమా వ్యాఖ్యానం తెలుగు చేసి గొంతు రికార్డు చేసివ్వండి. కింద అక్షరాలు వేస్తే చదువు రానివాళ్లకు అందవు, గొంతే కావాలి. ఆ 50 నిమిషాల సినిమాకు నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత మరో మూడు కాలనీల్లో నేను మైకు పట్టుకోకుండానే ఆడింది. ఆ పెద్దమ్మ మాటల మీద నా గొంతు పెట్టలేదు, చీపురు సంగతితో సహా అలాగే ఉన్నాయి.