ఇంగ్లండ్‌లో పెరటి కూరలు, కోళ్ళు: ముందు పగటి లెక్క చూసుకోండి

సందేహం: మార్చిలో రెడింగ్ వచ్చాం. అద్దె ఇంటి వెనక కాస్త పెరడు ఉంది. గోంగూర, బెండ, చిక్కుడు వేసుకోవాలనీ, పిల్లలకి సరదాగా రెండు కోళ్ళు తెచ్చుకోవాలనీ ఆశ. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మీరడిగిన మూడు కూరలూ ఇక్కడ ఆరుబయట సరిగ్గా రావమ్మా. భయపెట్టడానికి చెప్పడం లేదు. నేను మూడేళ్ళు సరిగ్గా ఆ మూడింటి వెనకాలే తిరిగి పోగొట్టుకున్నాను.

చిక్కుడు సంగతే వినండి. గుజరాతీ కొట్లో వాల్ పేరుతో దొరికే చిక్కుడు గింజలు నానబెట్టి మేలో కంచె పక్కన పెట్టాను. జులైకల్లా కంచె ఎక్కి, పక్కింటావిడ షెడ్డు మీదికి పాకింది. ఆకులు చూస్తే దిష్టి తగిలేటంత పచ్చగా ఉన్నాయి. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను, నీళ్ళు తగ్గించాను. సెప్టెంబరు చివర్లో మొగ్గ కనిపించింది, అక్టోబరులో మంచు పడి పాదు నల్లగా మాడిపోయింది. ఆ తరవాతెప్పుడో వెలిగింది నాకు: మన ఊళ్ళో చిక్కుడు కాసేది సంక్రాంతికి, రథసప్తమికి కదా! పగలు కురచయితే గానీ ఆ పాదు పూతకి రాదు. హైదరాబాదులో ఎంత ఎండాకాలమైనా పగలు 13 గంటల పైచిలుకే. ఇక్కడ జూన్‌లో పదహారున్నర గంటలు, డిసెంబరులో 8 గంటలకి కూడా కాస్త తక్కువే. పాపం ఆ పాదు రాత్రి ఎప్పుడు పెరుగుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది.

కొత్తిమీర, పాలకూరలది దీనికి అడ్డం తిరిగిన కథ. పగలు పొడవైతే అవి పూతకి తొందరపడతాయి. జూన్‌లో కొత్తిమీర చల్లితే నాలుగు రెమ్మలు వేసి కాడ లేచిపోతుంది. అదే ఆగస్టులో చల్లండి, అక్టోబరు దాకా కోసుకుంటారు. విత్తనానికి వంటింట్లో ధనియాలు రెండు బద్దలుగా నలిపితే చాలు, మెంతులకి అదీ అక్కర్లేదు. ఇండియా నుంచి సూట్‌కేసులో విత్తనాలు మాత్రం తేకండి, తెగుళ్ళు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అడుగుతారు.

బెండ, గోంగూర, దోస కావాలంటే గ్రీన్‌హౌస్ ఉండాలి. అయినా బెండకాయలు పులుసులోకి లెక్కపెట్టి వేసుకునేటన్నే వస్తాయి. మిరప బతుకుతుంది, ఫిబ్రవరిలో కిటికీ గట్టు మీద కుండీలో మొలకెత్తించుకుంటే. టమాటా, గుమ్మడి నారు మే మూడో వారం దాకా బయట పెట్టొద్దు. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసిందని మోసపోతారు, అందరం మోసపోయినవాళ్ళమే. జులై చివర్లో వానలు పడితే టమాటాకి బ్లైట్ తెగులు వచ్చి మూడు రోజుల్లో తోట మొత్తం గోధుమరంగుకి తిరుగుతుంది. గుల్ల లేని నత్తల సంగతి మీకే తెలుస్తుంది. రాత్రి పదింటికి టార్చి పట్టుకుని ఏరెయ్యడం తప్ప నాకు నమ్మకమైన మందు దొరకలేదు.

మరి ఏం వెయ్యాలంటే, సోరెల్ వెయ్యండి. మన చుక్కకూరకి దగ్గర చుట్టం. ఒక్కసారి నాటితే ఏళ్ళ తరబడి అదే దుబ్బు, మార్చిలోనే చిగురు. పొయ్యి మీద పెట్టగానే అచ్చం చుక్కకూరలాగే కరిగి రంగు మారుతుంది. కందిపప్పులో వేసి ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెడితే మా అత్తగారు చుక్కకూరే అనుకుని తిన్నారు. నేనూ చెప్పలేదు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త, ఆక్జాలిక్ ఆమ్లం ఎక్కువ.

రెండోది రూబార్బ్. ఇక్కడివాళ్ళు పంచదార పోసి తీపి చేసుకుంటారు. మనకి ఆ కాడల పులుపు చూస్తే పచ్చడే గుర్తొస్తుంది. కాడలు ముక్కలు కోసి నూనెలో మగ్గించి, వేయించిన మెంతిపిండి, ఆవపిండి, కారం కలపండి. గోంగూర అనను గానీ, వేడన్నంలో పనికొచ్చే పచ్చడే. ఆకు మాత్రం విషం, ముట్టొద్దు. నాటిన మొదటి ఏడాది కాడలు కూడా కోయకుండా వదిలెయ్యాలి. చిక్కుడు కోరిక రన్నర్ బీన్స్‌తో తీర్చుకోండి. లేతగా ఉన్నప్పుడు ఈనె తీసి కొబ్బరి కారం వేస్తే పిల్లలు తేడా అడగరు.

చోటు చాలకపోతే కౌన్సిల్ దగ్గర అలాట్‌మెంట్‌కి, అంటే కూరలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే నేల ముక్కకి, ఇవాళే పేరు రాయించండి, పిలుపు రావడానికి ఏళ్ళు పట్టొచ్చు. పూర్తి ముక్క పాత లెక్కలో 10 రాడ్లు, మన లెక్కలో 300 చదరపు గజాల పైమాట. ఉద్యోగం చేసుకునేవాళ్ళకి అందులో సగమే ఎక్కువ.

ఇక కోళ్ళు. ముందు ఇంటి ఓనరుని రాతపూర్వకంగా అడగండి. సొంతిల్లయినా కొన్ని దస్తావేజుల్లో కోళ్ళు కూడదని షరతు ఉంటుంది. రెండోది రిజిస్ట్రేషన్. 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఒక్క కోడి పెంచినా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. డబ్బు కట్టక్కర్లేదు. బర్డ్ ఫ్లూ వస్తే వాళ్ళకి మన అడ్రసు తెలియాలి కాబట్టి ఈ ఏర్పాటు. 2022 నవంబరు 7 నుంచి 2023 ఏప్రిల్ 18 దాకా ఇంగ్లండ్ మొత్తం కోళ్ళని లోపలే ఉంచమన్నారు. ఆ అయిదు నెలలూ మా కోళ్ళు నన్ను తిట్టుకుంటూనే ఉన్నాయి.

మనవాళ్ళని తెల్లబోయేలా చేసే నియమం ఇంకొకటుంది. పాలు, గుడ్లు కూడా వాడని వీగన్ ఇల్లయితే తప్ప, వంటింట్లోంచి వచ్చింది ఏదీ కోళ్ళకి వేయకూడదు. మిగిలిన అన్నం మెతుకులు కాదు కదా, కూరగాయల తొక్కు కూడా కూడదు. 2001లో గాలికుంటు వ్యాధి దేశాన్ని కుదిపేశాక పశువులకి ఎంగిలి, మిగుళ్ళు పెట్టడం మీద వచ్చిన కట్టడి ఇది. తోటలో కోసిన ఆకు వంటింటి గడప దాటకుండా నేరుగా గూటికి వెళ్తే ఫరవాలేదు. చచ్చిన కోడిని పెరట్లో పూడ్చడమూ నేరమే. పశువుల డాక్టరుని అడిగితే దారి చెబుతారు.

పుంజు వద్దు, తెల్లవారుజాము కూతకి ఫిర్యాదు ఖాయం. పెట్ట ఒంటరిగా ఉండలేదు, మూడు తెచ్చుకోండి. మేం మొదట తెచ్చినవి బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ వాళ్ళిచ్చినవి. ఫారాల్లో ఏడాదిన్నర దాకా గుడ్లు పెట్టి, ఇక లాభం లేదనుకున్న కోళ్ళని వాళ్ళు ఇళ్ళకి చేరుస్తారు. ఈకలు ఊడి, మెడలు బోసిగా వచ్చాయి. గడ్డి మీద వదిలితే కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గంటసేపు నిలబడిపోయాయి.

ఆ ఏడు నవంబరులో గుడ్లు ఆగిపోయాయి. దాణా మార్చాను, బాగా తిట్టుకున్నాను. చూస్తే చిక్కుడు చెప్పిన పాఠమే: వెలుతురు. 14 గంటల పగలుంటే గానీ కోడి నిండుగా పెట్టదు. చలికాలంలో ఈక రాల్చుకుని విశ్రాంతి తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. కోడి రోజుకి 120 గ్రాముల దాణా తింటుంది, గుడ్డు పెట్టినా పెట్టకపోయినా. గూడు ఖర్చు కూడా కలిపితే సూపర్‌మార్కెట్ గుడ్డే చవక. డబ్బు మిగులుతుందని మాత్రం మొదలుపెట్టకండి.

నక్క గురించి కూడా చెప్పాలి. మన ఊళ్ళో పొలిమేరల్లో కూసేది, ఇక్కడ బిన్ల మధ్య తిరుగుతుంది. రోజూ చూస్తాం, తోక తొక్కిన అదృష్టం మాత్రం దానిదే. ఒక్క రాత్రి గూడు తలుపు వేయడం మరిచాను. పొద్దున మూడు గుప్పెళ్ళ ఈకలు. పల్చటి కోళ్ళ జాలీని కొరికేస్తుంది, అంచుకింద తవ్వుతుంది. గట్టి వెల్డ్‌మెష్ (అతికించిన ఇనప తీగల జాలీ) వేసి, అడుగున బయటివైపు రెండడుగులు పరవండి.

ఈ వారం ఓనరుకి ఈమెయిల్ రాసి, ఒక మడిలో మెంతులు చల్లి, బంగాళాదుంపలు పాతిపెట్టండి. సోరెల్ దుబ్బు కొనకండి. అక్టోబరులో మాది చీలుస్తాను, కుండీ తెచ్చుకుంటే సగం మీకే.